వర్షిత ఎడమ కాలు

"అక్కా, మా పిల్ల ఇమానం కూలగొట్టిందట!"

శివమ్మ ఈ మాట అరుస్తూ మా వాకిట్లోకి వచ్చినప్పుడు నేను అల్లం కడుగుతున్నాను. చేతిలో ఉన్న అల్లం చేతిలోనే ఉండిపోయింది. శివమ్మ కూతురు వర్షిత పెద్ద విమానాలు నడపడం నేర్చుకుంటూ హైదరాబాద్‌లో ఉంటోంది. చిన్న విమానాల చదువు ముందే అయిపోయింది. ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగానికి తీసుకుని ఈ పెద్ద శిక్షణకు పంపారు. హైవే పక్కనున్న పొలం ముక్క అమ్మి చదివించారు, ఆ లెక్కలు మాత్రం నన్నడగకండి.

"ఎంతమంది పోయిన్రే?" అన్నాను. నా నోటికి ఆ మాటే ముందు ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

"ఇద్దరట అక్కా."

"అయ్యో దేవుడా! మరి పిల్ల?"

"పిల్ల మంచిగనే ఉంది. ఫోన్ల ఏడుస్తుంది. ఆ సచ్చిన ఇద్దర్ల అదొకతట."

నాకు తల తిరిగిపోయింది. చచ్చిన మనిషి ఫోన్ చేయడమేంటి? శివమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మెల్లగా చెప్తే అప్పటికి సగం అర్థమైంది. అది నిజం విమానం కాదట. ఉత్తుత్తి విమానమట. కూలింది నిజం కాదు గానీ, మళ్లీ ఇలాగే కూలితే ఉద్యోగం పోవడం మాత్రం నిజమేనట.

మిగతా సగం తర్వాత వర్షితే నాకు చెప్పింది. సిమ్యులేటర్ అంటారట దాన్ని. ఇల్లంత డబ్బా, కింద ఇనుప కాళ్లు. లోపల కూర్చుంటే అచ్చంగా విమానం ముందు భాగమే. అద్దాల్లో రన్‌వే కనబడుతుంది, కుర్చీ కుదుపుతుంది, చెవుల్లో మోత. వెనకాల కెప్టెన్ ప్రకాశం గారని కాకినాడ వైపు ఆయన కూర్చుని మీటలు నొక్కుతాడు. ఆయన ఒక మీట నొక్కితే వాన, ఇంకోటి నొక్కితే పొగమంచు, ఇంకోటి నొక్కితే ఇంజను ఆగిపోతుంది.

విమానం నేల మీద పరుగెడుతూ ఒక వేగం దాటిందంటే ఇక ఆపకూడదట. రెండింట్లో ఒక ఇంజను ఆగిపోయినా సరే, మిగిలిన దానితోనే ఎగరాలి. ఆపితే రన్‌వే చాలదు. ఎడమ ఇంజను ఆగితే విమానం ముక్కు ఎడమకి తిరుగుతుంది, అప్పుడు కుడికాలితో పెడల్ తొక్కి దాన్ని నిలబెట్టాలి. కుడిది ఆగితే ఎడమ కాలు. చెప్పడానికి ఇంతే. నాకే అర్థమైంది, అంటే చూసుకోండి.

కుడి ఇంజను ఆపినప్పుడల్లా వర్షిత దారం పట్టినట్టు తిన్నగా తీసుకుపోయేది. క్లాసులో ఎవరికీ రానంత బాగా చేస్తోందని ప్రకాశం గారు మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత ఆయన ఎడమ ఇంజను ఆపాడు. సరిగ్గా ముక్కు నేల విడిచి లేస్తున్న వేళ. ముక్కు ఎడమకి తిరిగింది. వర్షిత కాలు కూడా ఎడమదే పడింది. పడిందంటే మామూలుగా కాదు, దబ్బున, పెడల్ విరిగిపోతుందేమో అన్నట్టు. ఎడమ రెక్క కిందికి వాలిపోయింది. అద్దంలో ఉన్న ఆకాశం పోయి నేల వచ్చింది. తెర ఎర్రగా అయ్యింది, మోత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పక్క సీట్లో కూర్చున్న సాయికిరణ్ అనే పిల్లాడు, "చంపేశావు కదే తల్లీ! పెళ్లి కుదిరిన వాణ్ణి, కాస్త చూసుకోవాలి కదా," అన్నాడట. ఎవరూ నవ్వలేదు.

"ఏమ్మా, కుడీ ఎడమా తెలీదా?" అన్నాడు ప్రకాశం గారు.

"తెలుసు సార్."

"తెలిస్తే మరి అదేంటి?"

మళ్లీ చేయించాడు. మళ్లీ ఎడమ కాలే. ఇంకో రోజు చేయించాడు. నోటితో "కుడికాలు, కుడికాలు" అని అనుకుంటూనే ఎడమ కాలు తొక్కిందట. మనిషి ఒకటి అంటుంటే కాలు ఇంకోటి చేయడమేంటి? శివమ్మ అయితే దిష్టి అంది. ఎవరి దిష్టో కూడా చెప్పింది, ఆ పేరు ఇక్కడ వద్దులెండి.

ప్రకాశం గారు తిట్టే మనిషి కాదు. చివరికి మెల్లగా చెప్పాడట. "ఇంటికెళ్లి ఓ వారం ఉండి రా అమ్మా. వచ్చాక పరీక్ష. పెట్టేది నేను కాదు, వేరే ఆయన. అక్కడా ఇట్టాగే అయితే కంపెనీ వాళ్లు ఉంచరు. నీ వెనకాల అంతమందిని కూర్చోబెట్టుకోవాలి, వాళ్లనీ తప్పుపట్టలేం."

పిల్ల బస్సు దిగి వచ్చింది. ముఖం చూస్తే పాపం అనిపించింది. చిరాగ్‌పల్లి దాటాక హైవే దిగితే మా ఊరు. హోటలు దగ్గర కూర్చున్న వాళ్లకు ముందే తెలిసిపోయింది. శివమ్మ నాకు ఒక్కదానికే చెప్పింది, నేను ఒకరిద్దరికి చెప్పాను, అంతే.

"ఏం పిల్లా, ఇమానం యాడ వెట్టచ్చినవ్?" అని ఒకడు.

"మీ ఇంటి మీదనే పడ్డది, పోయి చూస్కో," అంది వర్షిత. నోరు మాత్రం తగ్గలేదు. ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

వాళ్ల నాన్న మాణిక్ ఒక్క మాట అడగలేదు. చెరుకు కొట్టే రోజులు. పొద్దున్నే ట్రాక్టరు తీసి చేనుకు పోయాడు.

ఆ మర్నాడు చెరుకు కొట్టేవాళ్లకు సద్ది తీసుకుని నేనూ శివమ్మా పోతుంటే, ఇంట్లో ఉంటే పిచ్చి లేస్తోందని వర్షిత కూడా వచ్చింది. ముగ్గురం చేను గట్టు మీద నిలబడ్డాం. అక్కడే, మా కళ్ల ముందే జరిగింది.

ట్రాలీ నిండా చెరుకు. చేలోంచి రోడ్డెక్కాలంటే ఒక ఎత్తు ఉంటుంది, మా దగ్గర అన్ని చేలకూ ఉండేదే. ముందు భాగం లేవకుండా బరువు కోసం ఇద్దరు కూలీలు ట్రాక్టరు బంపరు మీద నిలబడ్డారు. మాణిక్ గేరు వేసి ఎక్కిస్తున్నాడు. వెనక చక్రాలు తడి మట్టిలో తవ్వుకున్నాయి, ట్రాలీ వెనక్కి లాగింది, ఇంజను గర్‌మని మోగింది, ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి! బంపరు మీది వాళ్లు చెరో పక్కకు దూకారు. శివమ్మ కెవ్వుమంది. మాణిక్ అదే క్షణంలో క్లచ్ తొక్కాడు. ముందు భాగం ధన్‌మని నేల మీద పడింది. బతికాం అనుకున్నాను.

పక్కకు చూస్తే వర్షిత ట్రాక్టరు వైపు చూడటం లేదు. కిందికి చూస్తోంది. ఆమె ఎడమ కాలు చెప్పుతో సహా చీలమండ దాకా గట్టు మట్టిలో దిగిపోయి ఉంది.

"పెద్దమ్మా," అంది, "నేను ఎప్పుడు తొక్కిన?"

"ఏంది తొక్కేది?"

"కాలు. నేను తొక్కలే. నాకు తెల్వదు. చూడు, అదే తొక్కింది."

పాముని చూసినట్టు తన కాలునే చూసుకుంటోంది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నాకు నాగరాజ్ గుర్తొచ్చాడు.

నాగరాజ్ సంగతి చెప్తే మీకూ అర్థమవుతుంది. నాగరాజ్ మాణిక్ తమ్ముడు. ఇలాంటి ఎత్తు దగ్గరే, ఇలాగే ట్రాక్టరు ముందు భాగం లేచింది. క్లచ్ తొక్కితే బతికేవాడు. ఎక్కిపోతుందిలే అని ఇంకా రేసు ఇచ్చాడు. ట్రాక్టరు వెనక్కి తిరగబడింది. మిగతాది నేను చెప్పను.

అప్పటినుంచి మాణిక్‌కు అదొక పిచ్చి పట్టుకుంది. తను కాక ఇంట్లో ట్రాక్టరు తోలేది ఇక వర్షిత ఒక్కతే. పదో తరగతి నుంచే తోలేది, మా చుట్టుపక్కల ఆ వయసుకు తోలని పిల్లలు తక్కువ. మాణిక్ ఆ పిల్లకు ఒకే ఒక్కటి నేర్పాడు. ముందు లేచిందంటే ఆలోచించొద్దు, చూడొద్దు, ఎడమ కాలు క్లచ్ మీద పడాలి. ఎప్పుడు పడితే అప్పుడు "లేశింది!" అని అరిచేవాడు. అన్నం తింటుంటే అరిచేవాడు. చదువుకుంటుంటే అరిచేవాడు. జహీరాబాద్ బస్సులో అరిచేవాడు. ఆ పిల్ల ఎక్కడున్నా ఎడమ కాలు దబ్బున నేలకేసి కొట్టాలి. ఒకసారి రాయికోడ్‌లో పెళ్లి బంతిలో అరిచాడు, పక్కన తింటున్న పెళ్లికొడుకు మేనమామ పాదం నలిగి, అది వాయడం, ఆయన అలగడం, అదో పెద్ద కథ. మేమంతా నవ్వేవాళ్లం. అదే కాలు ఆ పిల్లను రెండుసార్లు బతికించింది కూడా, అది మాణిక్ నాకు చెప్పాడు.

ఇప్పుడు చూడండి. విమానం ముక్కు లేస్తుంది, అదే క్షణాన కుదుపు వస్తుంది. పిల్ల తల హైదరాబాద్‌లో ఉంది, కాలు మాత్రం చెరుకు చేలో ఉంది. కుడి ఇంజను ఆగినప్పుడు ఎడమ కాలే కావాలి కాబట్టి అందరూ శభాష్ అన్నారు. అది చదువు కాదు, మాణిక్ అరుపు. చిన్న విమానాల్లో నేర్చుకునేటప్పుడు పైకి పోయి నిలకడగా ఉన్నాక ఇంజను ఆపేవారట, అందుకని అప్పుడు బయటపడలేదు.

ఆ సాయంత్రం వర్షిత తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"నాయినా, ఈ కాలు నాకు మర్పియ్యాలె."

మాణిక్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏంది?"

"నువ్వే నేర్పినవ్, నువ్వే మర్పియ్యాలె. నువ్వు 'లేశింది' అని ఒర్రు. నేను తొక్కకుంట ఉండాలె."

"నీకేమన్న దిమాక్ ఉన్నదా? మర్పిచ్చుడేంది? మీ చిన్నాయిన ఎట్ల పోయిండో ఎర్కలేదా? కాలు రాకనే కద పోయింది!"

"ఈడ ఈ కాలు రాకుంటె నేనొక్కదాన్నే పోత. గాడ ఇదే కాలు వస్తె నా ఎనక కూసున్నోళ్లందరు పోతరు నాయినా."

"అయితె ఇమానం బంద్ జెయ్. ట్రాక్టర్ తోలుకో."

కంచం వదిలేసి లేచిపోయాడు. శివమ్మ ఆ కంచం తీస్తూ గొణిగింది. గొణగడమంటే వీధి చివరిదాకా వినబడేలా. "తమ్మునికి నేర్పకపోతినని బిడ్డకు నేర్పిండు. మంచిదే. ఇగ బిడ్డకు అడ్డం పడుతున్నడు. జర చెప్పక్కా నువ్వన్న."

నేనేం చెప్తాను? నాకూ భయమే. ఆ కాలు తీసేస్తే రేపు ట్రాక్టరు మీద పిల్లకేమైనా అయితే?

వర్షిత ప్రకాశం గారికి ఫోన్ చేసి చెప్పింది. "నా సర్వీసులో ఇట్టాంటిది వినలేదమ్మా," అన్నాడట. "నీ కాలు ఆ అలవాటు మానక్కర్లేదు. కాలికంటే ముందు కన్ను రావాలి, అంతే. ముక్కు ఎటు పోయిందో చూడు, చూశాకే తొక్కు. ఆ ఒక్క క్షణం ఆగడం నేర్చుకో."

ఆ మాటలు మాణిక్ చెవిన పడ్డట్టున్నాయి. మర్నాడు తనంతట తానే వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. దాని ముందు రెండు ఇటుకలు పెట్టాడు, ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి. శివమ్మ చేతికి చీపురిచ్చి ఎదురుగా నిలబెట్టాడు. చీపురు ఎడమకి వాలితే వర్షిత కుడి ఇటుక తొక్కాలి. కుడికి వాలితే ఎడమది. తను మాత్రం కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"ఒర్రుతున్న," అన్నాడు.

"ఒర్రు నాయినా."

"లేశింది!"

దబ్బున ఎడమ కాలు. చీపురు ఇంకా కదలనే లేదు.

"అమ్మా, నువ్వు జల్ది ఊపాలె."

"నేనేమన్న ఇమానమానే? ఊపుతున్న ఉండు."

మళ్లీ. మళ్లీ. గోడ మీద నుంచి జనం చూస్తున్నారు. ఎవరో ముందుగా నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. మాణిక్ గొంతు బొంగురుపోయింది. వర్షిత ఎడమ తొడ పట్టుకుని వంగిపోతోంది, తొక్కకుండా ఆపడం తొక్కడం కంటే నొప్పట. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు పొద్దున మాణిక్ "లేశింది!" అని అరిచాడు, వర్షిత కాళ్లు రెండూ కదల్లేదు. కన్ను ముందు చీపురు మీదికి వెళ్లింది. చీపురు ఎడమకి వాలింది. కుడికాలు మెల్లగా, గట్టిగా ఇటుక మీద దిగింది.

శివమ్మ చీపురు పడేసి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టబోయాను. మాణిక్‌ని చూసి ఆగిపోయాను. గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ముఖం సున్నం కొట్టినట్టుంది. తను అరిచాడు, పిల్ల కాలు రాలేదు. ఆయనకు ఏం కనబడిందో నాకు తెలుసు.

"ఇంకోపారి, నాయినా," అంది వర్షిత వెనక్కి చూడకుండానే.

మాణిక్ వచ్చి మళ్లీ కుర్చీ వెనకాల నిలబడ్డాడు. ఆ రోజంతా అరిచాడు.

పరీక్ష పెట్టింది కెప్టెన్ విష్ణువర్ధన్ అనే ఆయన. ముఖం చూస్తే నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో తెలియదట. పక్కన మళ్లీ సాయికిరణే. విమానం పరుగెత్తింది, ఆగకూడని వేగం దాటింది, ముక్కు లేచింది, ఇంజను ఆగింది.

కుడి ఇంజను.

ఎడమ కాలు పడింది. విమానం తిన్నగా పైకి పోయింది. పైకి పోయాక చేయాల్సినవి ఒకటొకటిగా చేసింది, సాయికిరణ్‌తో సరిచూసుకుని ఆగిన ఇంజనుకు ఇంధనం పోకుండా కట్టేసింది, తిరిగొచ్చి ఒక్క ఇంజనుతోనే దింపింది. విష్ణువర్ధన్ గారు కాగితం మీద ఏదో రాసుకుని, "బాగుంది. పాస్. మీరు లేవచ్చు," అన్నాడు.

సాయికిరణ్ బెల్టు విప్పేశాడు. వర్షిత విప్పలేదు.

"సార్, ఎడమది కూడా పెట్టండి."

"అవసరం లేదు. ఏదో ఒక వైపు చూడటమే నా పని. అయిపోయింది."

సాయికిరణ్ పక్కనుంచి మోచేత్తో పొడిచాడట. "లేవే బాబూ. దండం పెడతా, లే."

"సార్, ఇప్పుడు నా కాలు చూసి తొక్కిందో, పాత అలవాటుతో తొక్కిందో నాకే తెలియదు," అంది వర్షిత. "కుడి ఇంజను నాకు ఎప్పుడూ వస్తుంది. తెలియకుండా నేను జనాన్ని ఎక్కించుకోలేను."

ఆయన కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడట. "చూడమ్మా. నా ముందు తప్పు చేస్తే చూడనట్టు ఉండలేను. ఇప్పుడు రాసింది కొట్టేయాల్సి వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్."

సాయికిరణ్ మళ్లీ బెల్టు పెట్టుకున్నాడు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉందంటుంది వర్షిత.

పరుగు. వేగం. ముక్కు లేచింది. ఎడమ ఇంజను ఆగింది. ఎడమ మోకాలు ఒక్కసారి ఎగిరిందట, తొడలో నరం పట్టేసిందట. కన్ను ముక్కు మీద ఉంది. ముక్కు ఎడమకి పోతోంది. ఎడమ పాదం గాల్లో అలాగే ఉండిపోయింది, కుడి పాదం దిగింది. ముక్కు ఆగింది, నిలబడింది, మెల్లగా మధ్యకు వచ్చింది. కింద రన్‌వే చిన్నదైపోతూ ఉంది. కాసేపటికి విష్ణువర్ధన్ గారు వెనకనుంచి, "ఊఁ, కానివ్వు, ముందుకు పో," అన్నాడు.

ఈ సంగతి మాణిక్‌కు ఫోన్‌లో తెలిసినప్పుడు అతను చెరుకు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టరు లైనులో ఉన్నాడు. సాయంత్రం తిరిగొచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగలేదు. పాసైంది కదా, ఇదేం ముఖం అనుకున్నాను.

"అక్కా, కుడి దాంతోనే అయిపోయిందట. లేశి రావచ్చట. ఇదే ఎడమది పెట్టుమని అడిగిందట. అడిగి మరీ పెట్టిచ్చుకుందట."

"అవునట. శివమ్మ చెప్పింది."

"పోతుండె గదక్కా! చేతికచ్చింది పోతుండె!"

"పోలేదు గదా."

మాణిక్ దెబ్బ తిన్న మనిషిలా ఉన్నాడు, ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నాడు.

"తొక్కుడు నేను నేర్పిన," అన్నాడు చివరికి. "తొక్కకుంట ఉండుడు కూడ నేనే నేర్పిన. అడుగుడు నేను నేర్పలేదక్కా."